చక్రాల మీద సంసారం

ఈ పుటలో 'మేము' అని వ్రాసుకోవటం మాకు ఏళ్ళ తరబడి అలవాటు. ఆ 'మేము' వెనుక ఉన్నది ఒక్క గుమాస్తా, ఒక్క కలము అని చదివేవారందరికీ తెలుసు. ఈ నెల మాత్రం 'మేము' అంటే నిజంగానే ఇద్దరము. ఎక్కడ ఇద్దరమో, ఎక్కడ ఒక్కరమో సందర్భాన్ని బట్టి పాఠకులే గ్రహించుకోవాలి.

2024 మే నెలలో మేము ఇంగ్లండు వెళ్ళివచ్చిన సంగతి మన సంఘంలో చాలామందికి తెలిసినదే. కనబడిన పెద్దలల్లా "ఆ ముచ్చట్లు వ్రాయరేం?" అని నిలదీస్తూనే ఉన్నారు. వ్రాయకపోవటానికి కారణం బద్ధకం కాదు. చూచిన ఊళ్ళ గురించి వ్రాయటం తేలిక. ఆ రెండు వారాలు మేము ఎటువంటి ఇంట్లో కాపురమున్నామో, ఆ ఇంట్లో మాకేమి తెలిసివచ్చిందో వ్రాయాలంటే కొంత మొగమాటం అడ్డువచ్చింది.

మేము కాపురమున్నది ఒక కారవానులో. సెలవు చీటీ ఇస్తూ ఈ మాట చెబితే ఆఫీసులో అందరూ మా మొగం వంక వింతగా చూచారు. మన దేశంలో ఇప్పుడు కారవాను అంటే సినిమా తారలు షూటింగు మధ్య విశ్రమించే పెద్ద బండి. "ఏ సినిమాలోనండీ తమరి వేషం?" అని మా క్యాషియరుగారు అడిగారు కూడాను. ఇంగ్లండువారి కారవాను అది కాదు. దానికి ఇంజను ఉండదు. కారు వెనుక కొక్కానికి తగిలించి లాక్కుపోయే చిన్న గది. మేమున్నది పదహారడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. పడక, వంట, భోజనం, స్నానం, మరుగు, అన్నీ అందులోనే. మన బరంపురంలో పాత ఇళ్ళ వీథి అరుగులే అంతకంటె విశాలం.

కారవాను అనే మాట పారసీకులది; ఒంటెల బిడారు అని అర్థం. దానిని విలాసం కోసం ఇంగ్లండులో మొదట చేయించుకున్నవాడు గార్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళపు వైద్యుడు, స్కాట్లండు దేశస్థుడు. 1885లో బ్రిస్టల్ బండ్ల కర్మాగారంలో చేయించి, దానికి 'వాండరర్', అంటే దేశదిమ్మరి, అని పేరు పెట్టాడు. రెండు గుర్రాలు లాగేవి. సేవకుడొకడు మూడు చక్రాల సైకిలు మీద ముందు పోతూ దారి చూచేవాడట. 1907 నాటికి ఈ సరదా ఉన్నవారంతా కలిసి ఒక క్లబ్బే పెట్టుకున్నారు. మనవారికి ఈ విద్య తెలియదనుకోనక్కరలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి డేరాలతో, బోయీలతో, పరివారంతో కాశీకి బయలుదేరి, తిరుగుదారిలో మన గంజాం మీదుగానే వెళ్ళారు. ఆయన పుణ్యం కోసం వెళ్ళారు, స్టేబుల్స్‌గారు గాలిమార్పు కోసం వెళ్ళారు, అంతే భేదం.

మేము వెళ్ళింది దేనికో చెప్పాలి. మా అమ్మగారు పక్షవాతంతో ఎనిమిదేళ్ళు మంచాన ఉండి 2023 జనవరిలో కాలం చేశారు. ఆ ఎనిమిదేళ్ళలో మేమిద్దరం కలిసి ఒక్క రాత్రి కూడా ఊరు దాటలేదు. పెళ్ళి అయినా, చావు అయినా ఒకరు వెళితే ఒకరు ఇంట్లో. సంవత్సరీకాలు అయిపోయిన తరువాత మా ఆవిడ పోయిన వస్తువును వెతుకుతున్నట్టు ఈ గదిలోనుంచి ఆ గదిలోకి తిరుగుతూ ఉండేది. మాట తగ్గిపోయింది. వంట మాత్రం వేళకు జరిగేది. ఆమె తమ్ముడు, మా బావమరిది, లండను పక్కన క్రాయిడన్‌లో చాలా ఏళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు. ఫోనులో అక్క గొంతు విని ఏమనుకున్నాడో, టిక్కెట్లు కొని పంపించాడు. "బావగారూ, మా ఇంట్లో ఉంటే అక్క తిన్నగా వంటింట్లో దూరుతుంది. కారవాను ఖాళీగా ఉన్నది. మిమ్మల్నిద్దరినీ పొలాల మధ్య దింపి వచ్చేస్తాను" అన్నాడు. మా దగ్గర మురిగిపోతున్న సెలవు చాలా ఉన్నది. ఉన్న సెలవంతా పెట్టాము.

మే 4వ తేదీ శనివారం బయలుదేరాము. బయలుదేరకముందే అక్కాతమ్ముళ్ళకు ఒక వాదం. మా ఆవిడ బియ్యం, పప్పులు, ఊరగాయ జాడీలు, చిన్న కుక్కరు అన్నీ వెనుకవైపు అరలో సర్దింది. బావమరిది వచ్చి వాటినన్నిటినీ తీసి మధ్యన, చక్రాల ఇరుసు మీదికి వచ్చేటట్టు నేలమట్టంగా పెట్టాడు. వెనుక బరువెక్కితే కారవాను రోడ్డు మీద పాములా ఊగుతుందట, ఆ ఊపు కారునుకూడా పట్టి లాగుతుందట. "మీ బియ్యం బస్తాయే మనలను గోతిలో వేస్తుంది అక్కా" అన్నాడు. కారవాను కట్టిన కారు మామూలు రోడ్డు మీద గంటకు 50 మైళ్ళు, పెద్ద మోటారు రోడ్డు మీద 60 మైళ్ళు దాటరాదని చట్టం. మూడు వరుసల రోడ్డయితే కుడిచివరి వరుసలోకి పోనేకూడదు. పోతున్నప్పుడు కారవానులో మనుషులు కూర్చోకూడదు. వెనుక కార్లవాళ్ళు ఎంత విసుక్కున్నా బావమరిది తన ఎద్దుబండి నడక మార్చలేదు.

దారిలో డోర్కింగ్ అనే ఊళ్ళో ఆగాము. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్‌గారు 1899లో పోయింది ఆ ఊళ్ళోనే, సమాధి అక్కడి శ్మశానవాటికలోనే ఉన్నది. మా ఆవిడ పుట్టిల్లు రాజమండ్రి. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ కాటన్ దొరవారి రాతి ముందు చెప్పులు విడిచి నిలబడితే, గంజాంవాళ్ళమైన మేము గొడుగు పట్టుకొని వెనుక నిలబడ్డాము. చినుకులు మొదలయినాయి. అక్కడినుంచి పోవలసిన పొలం దగ్గరే.

అది ఒక రైతు పచ్చికబీడు. క్లబ్బువారు సర్టిఫికేటు ఇచ్చిన ఇటువంటి పొలాలలో ఐదు కారవాన్లకు మించి ఉంచరాదు. మాది మూడవది. బావమరిది కారవానును దింపి, చక్రాల కింద చెక్కముక్కలు పెట్టి, మట్టంబద్దతో చూచి, నాలుగు మూలలా ఉన్న కాళ్ళను మరతిప్పి నేలకు ఆనించాడు. ఎత్తుపల్లం సరిచూడకపోతే పడుకున్నవాళ్ళు దొర్లిపోతారట, కడిగిన నీళ్ళు దిగవట. ఆ పైన మాకు పాఠం మొదలుపెట్టాడు. నీళ్ళ పీపా నేలమీద దొర్లించుకుంటూ కుళాయి దగ్గరికి తీసుకుపోవాలి, 40 లీటర్లు పడుతుంది. అది గోడ బయట ఉంటుంది. లోపల కుళాయి తిప్పితే చిన్న మోటారు తోడుతుంది. వాడిన నీళ్ళకు వేరే డబ్బా. గ్యాసుబండ ముందు పెట్టెలో. కరెంటు పొలంలోని స్తంభం నుంచి తీగ లాగి తెచ్చుకోవాలి, అయితే 10 ఆంపియర్లే ఇస్తారు. హీటరు వేసి ఉండగా టీనీళ్ళ కెటిల్ పెడితే స్విచ్చి పడిపోయి చీకటి. ఇది మేము మొదటి రాత్రే పరీక్షించి తెలుసుకున్నాము. "ఒకటి ఆర్పితేగాని ఒకటి వెలగదు, మన జీతం లాగానే" అన్నది మా ఆవిడ.

చివరి పాఠం మరుగుదొడ్డి. దాని కింద సూటుకేసు వంటి పెట్టె ఒకటి ఉంటుంది. రెండు రోజులకొకసారి దానిని బయటినుంచి లాగి, మోసుకుపోయి, పొలం చివర గుంటలో పారబోసి, కడిగి, నీలిరంగు మందు పోసి మళ్ళీ బిగించాలి. బావమరిది వెళ్ళిపోయిన తరువాత ఈ పని ఎవరిదని ప్రశ్న వచ్చింది. మేము ముక్కుకు తువాలు కట్టుకొని, ఆ పెట్టెను చాచిన చేతులతో పట్టుకొని నాలుగడుగులు వేసి ఆగిపోయాము. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా ఆవిడ ఫక్కున నవ్వింది. "అత్తయ్యగారికి నేను ఎనిమిదేళ్ళు ఎత్తాను. మీరు ఎనిమిది రోజులు ఎత్తలేరా?" అన్నది. కోపంతో అన్నది కాదు. ఏడాదిన్నరలో ఆమె నవ్వటం అదే మొదలు కాబట్టి మేము కూడా నవ్వి, తువాలు విప్పేసి, పెట్టె మోసుకుపోయాము. తరువాత ఆ పని మళ్ళీ ఆమెకు వదలలేదు.

సోమవారం అక్కడ బ్యాంకు సెలవు. వాన. బయటికి పోలేక పులిహోర చేద్దామని పోపు పెట్టింది. ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయ వేగగానే కారవాను కప్పులో ఉన్న పొగ గంట చెవులు బద్దలయ్యేటట్టు కూయటం మొదలుపెట్టింది. దాని నోరు ఎట్లా మూయాలో బావమరిది చెప్పలేదు. పక్క కారవానులోనుంచి ఒక ముసలాయన, ఆయన వెనుక కుక్క, వానలో పరుగెత్తుకు వచ్చారు. మా ఆవిడకు తెలుగు, ఒరియా తప్ప రావు. తెలియని మనిషి ఎదురుపడితే ఒరియాలో మాట్లాడటం మన ఊరి ఆడవారి అలవాటు గదా, ఆ ఇంగ్లీషాయనతోనూ "కిచ్ఛి నాహిఁ, కిచ్ఛి నాహిఁ" అన్నది. ఆయన తలుపు బారుగా తెరిచి, పళ్ళెంతో విసిరి, గంట కింద మీట నొక్కి ఆపేశాడు. వాసన బాగుందన్నాడు. ఒక గిన్నెడు పులిహోర ఇచ్చాము. సాయంత్రం గిన్నె కడిగి, అందులో మూడు గుడ్లు పెట్టి తిరిగి ఇచ్చాడు. ఉత్త గిన్నె తిరిగి ఇవ్వరాదనే నియమం మనకొక్కరికే ఉన్నదనుకున్నాము.

ఆ గుడ్లు కొనే తీరు కూడా చెప్పుకోదగ్గది. రైతు గేటు పక్కన చిన్న బల్ల, దాని మీద గుడ్లు, పక్కన రేకు డబ్బా. కావలసినన్ని తీసుకొని డబ్బాలో చిల్లర వేసిపోవటమే. కాపలా లేదు.

వాన వెలిసిన తరువాత నడక. ఆ దేశంలో మాకు అన్నిటికంటె నచ్చినది ఇది. అక్కడ రైతుల సొంత పొలాల నడుమనుంచే కాలిబాటలు పోతాయి. అవి జనం సొత్తు. 1949 నాటి చట్టం ప్రకారం కౌన్సిళ్ళు వాటికి పటాలు గీసి పెట్టాయి. పటంలో ఉన్న బాటను భూమి యజమాని మూసివేయరాదు. కంచె వచ్చినచోట ఎక్కి దిగటానికి కర్రమెట్లు, లేదా ఒక్కరొక్కరే దూరే గేటు. దాటినవాడు గేటు మూసిపోవాలి, గొర్రెలు తప్పిపోతాయి గనుక. గట్టు జానెడు జరిగిందని మూడు తరాలు కోర్టు చుట్టూ తిరిగిన కుటుంబంవాళ్ళం మేము. ఎవరో రైతు పొలంలో, ఆయన చూస్తూ ఉండగానే, నడిచిపోతుంటే మొదట కాళ్ళు వణికాయి. ఆయన టోపీ ఎత్తి పలకరించాడు.

ఆ బాటలోనే లీత్ హిల్ అనే కొండ ఎక్కాము. ఎత్తు 965 అడుగులు. వేయి అడుగులు చేరలేదని 18వ శతాబ్దంలో రిచర్డ్ హల్ అనే ఆయన కొండ మీద ఒక గోపురం కట్టించి ఆ లోటు పూడ్చాడు. గ్రేసు మార్కులు మన విశ్వవిద్యాలయాలు కనిపెట్టినవి కావన్నమాట. కొండ కింది అడవిలో బ్లూబెల్ పూలు. చెట్లు పూర్తిగా ఆకులు తొడిగి నీడ కమ్మకముందే, ఏప్రిల్, మే నెలల్లో, ఎండ నేలకు దిగుతున్న ఆ కొద్ది వారాలలోనే ఇవి పూసి ముగించాలి. నేలంతా నీలం, ఊదా కలిసిన రంగు, ఎక్కడా మట్టి కనబడదు. దుంప తవ్వి తెచ్చుకుందామని మా ఆవిడకు ఆశ. యజమాని అనుమతి లేకుండా అడవి మొక్కను పెకలించటం 1981 చట్టం ప్రకారం నేరమని చెబితే వదిలేసింది. అక్కడే వారి కోకిల కూత విన్నాము. మన కోకిల పంచమంలో పైపైకి పోతుంది. ఇది రెండే అక్షరాలు పలికి ఆగుతుంది. గుడ్లు ఇంకొకరి గూట్లో పెట్టే బుద్ధి మాత్రం రెండింటికీ ఒక్కటే.

ఇక మొగమాటపడిన సంగతి. మంగళవారం రాత్రి మాకు మెలకువ వచ్చింది. కారవాను ఎంత చిన్నదంటే ఒకరు పక్కకు ఒత్తిగిలితే బండి మొత్తం కదులుతుంది. చూస్తే మా ఆవిడ పడక పక్కన నిలబడి ఉన్నది. గడియారంలో రెండు. ఏమిటని అడిగితే, "ఏమీ లేదండీ, అలవాటు" అన్నది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. రాత్రి పదకొండింటికి, రెండింటికి, ఐదింటికి లేచి అమ్మను పక్క మార్చి పడుకోబెట్టేదట. మార్చకపోతే ఒంటికి పుండ్లు పడతాయని మొదట్లో డాక్టరు చెప్పాడట. అమ్మ పోయి ఏడాది దాటినా ఆ మూడు వేళలకూ మెలకువ వచ్చేస్తుంది. లేచి నిలబడిన తరువాత గాని చేయవలసిన పని లేదని గుర్తురాదు.

మా ఇంట్లో మా పడక ముందుగదిలో. ఆమె పడక వెనుక, అమ్మ గదిలో. మధ్య రెండు తలుపులు. ఎనిమిదేళ్ళలో అమ్మ ఒంటి మీద ఒక్క పుండు పడలేదు. వచ్చిన డాక్టర్లందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు మేమే పుచ్చుకున్నాము. రాత్రిళ్ళు ఎవరు లేస్తున్నారో మేము ఎన్నడూ అడగలేదు, ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఇక్కడ 'మేము' అంటే ఒక్కరమే.

ఆ రాత్రి ఏమనాలో తెలియక, హీటరు ఆర్పి, టీ పెట్టాము. మేము టీ పెట్టటం ఆమె చూడటం అదే మొదలు. చక్కెర ఎక్కువయింది. తాగింది.

మరునాడు సాయంత్రం పక్క ముసలాయన తన భార్యను గుమ్మం ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమెకు ఒక పక్క స్వాధీనం లేదని మేము అంతకుముందే గమనించాము. మాట కూడా సరిగా రాదు. కూర్చున్న మనిషి మెల్లగా ఒక వైపు జారిపోతున్నది. ఆయన చంకల కింద చేతులు వేసి పైకి లాగబోతున్నాడు, ఆమె మొగం నొప్పితో ముడుచుకుంటున్నది. మా ఆవిడ చేతిలోని చేట కింద పెట్టి నేరుగా వెళ్ళింది. ఆయనను పక్కకు తప్పుకోమని సైగ చేసి, తన మోకాలు ఆమె మోకాలికి ఆనించి, ఒక చేయి వీపు వెనుక, ఒక చేయి నడుం కింద వేసి, ముందుకు వంచి ఒక్క ఊపున సరిగా కూర్చోబెట్టింది. వాలే వైపు తలగడ దోపింది. ఆ ముసలామె మా ఆవిడ చేయి పట్టుకొని వదలలేదు. "మీరు నర్సా?" అని ఆయన అడిగాడు. నర్సు అనే మాట మా ఆవిడకు తెలుసు. తల అడ్డంగా ఊపి, "బొహూ" అన్నది, మళ్ళీ ఒరియాలోనే. కోడలిని అని. ఆయన మా వంక చూచాడు. మేము ఇంగ్లీషులో చెప్పాము. ఫైళ్ళలో ఎన్నో మాటలు తర్జుమా చేశాము గాని, ఆ ఒక్క మాట నోటితో చెప్పటానికి మాకు గొంతు పట్టేసింది. ఆ తరువాత రెండు పూటలూ ఆ ఎత్తే ఒడుపు ఆయనకు నేర్పటమే ఆమె పని. భాష అవసరం లేకపోయింది.

10వ తేదీ శుక్రవారం బావమరిది సెలవు పెట్టి వచ్చి, కారవానును లాక్కుపోయి సముద్రం వైపు, ససెక్స్‌లో సీఫర్డ్ ఊరికి దగ్గరి పొలంలో దింపాడు. దారి పొడుగునా పచ్చని పసుపు చేలు. ఆవ జాతి నూనెగింజ అది. అద్దం దించితే ఆవపూల వాసన. మా ఆవిడ ఒక పువ్వు కోసి నమిలి చూచి, "ఘాటు లేదు" అని తేల్చేసింది. సాయంత్రం బావమరిది వెళ్ళిపోయాడు. ఎనిమిదిన్నర దాకా వెలుతురే. తొమ్మిదిన్నరకు పడుకున్నాము.

పదకొండు గంటలకు ఆమెకు మామూలుగా మెలకువ వచ్చింది. మమ్మల్ని కుదిపి లేపింది. "ఏమండీ, ఎక్కడో ఇల్లు అంటుకున్నది. ఆకాశమంతా ఎర్రగా ఉంది." తలుపు తీసి చూస్తే మంట లేదు, పొగ లేదు. నడినెత్తి నుంచి నాలుగు వైపులా గులాబి, ఆకుపచ్చ రంగుల చారలు దిగివచ్చి, తెరలు కదిలినట్టు కదులుతున్నాయి. పొలంలో తక్కిన కారవాన్ల జనమంతా దుప్పట్లు కప్పుకొని బయటికి వచ్చేశారు. ఎవరో చెప్పారు, ఇది అరోరా, ధ్రువప్రాంతాల వెలుగు అని. సూర్యుడినుంచి ఎగసిన విద్యుత్కణాలు భూమి పై వాతావరణానికి తగిలితే వెలుగుతాయి. 2003 తరువాత అంత పెద్ద సౌర తుఫాను భూమిని తాకటం ఆ రాత్రే. మన దేశంలోనూ లడాఖ్‌లోని హన్లే నుంచి ఎరుపు కాంతి కనిపించిందని తరువాత చదివాము. ఇంగ్లండు దక్షిణ తీరంలో అట్లా కనబడటం అక్కడివారికే అపురూపం. నిద్రపోయి పోగొట్టుకున్నామని మరునాడు మా బావమరిది నెత్తి కొట్టుకున్నాడు.

మేము కారవాను మెట్టు మీద కూర్చున్నాము. చాలాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. తరువాత ఆమె, "అత్తయ్యగారి వేళ కదండీ ఇది" అన్నది. అని ఏడ్చింది. ఇంటి దగ్గర పదవనాడు కూడా ఏడవని మనిషి. పక్కవాళ్ళు వింటారని మేము ఒకప్పుడయితే లోపలికి రమ్మనేవాళ్ళం. అనలేదు. రెండు గంటల దాకా అక్కడే కూర్చొని, ఆ వేళ కూడా గడిపి లోపలికి వచ్చాము.

తక్కిన రోజులు సముద్రం దగ్గర. బ్రైటన్, ఈస్ట్‌బోర్న్ ఊళ్ళ మధ్య తిరిగే రెండంతస్తుల బస్సు మా పొలం దాపునే ఆగేది. ఆ సంవత్సరం ఇంగ్లండులో చాలా బస్సులలో ఒకవైపు టిక్కెట్టు 2 పౌండ్లకు మించకుండా ప్రభుత్వం కట్టడి చేసింది. 2025 నుంచి 3 పౌండ్లయింది. పై అంతస్తులో ముందు సీటు దొరికితే అదే విమానం. మన గోపాలపురంలో ఉన్నట్టు ఇసుక ఉండదు అక్కడ, గులకరాళ్ళు. అల వెనక్కి పోతున్నప్పుడు రాళ్ళన్నీ కలిసి దొర్లిన చప్పుడు. తీరమంతా సున్నపురాయి కొండలు, వెల్లవేసిన గోడ నిలబెట్టినట్టు. వాటిలో ఏడు శిఖరాలను ఏడుగురు అక్కచెల్లెళ్ళంటారు. సుద్ద మెత్తన, సముద్రం అడుగున కోస్తూనే ఉంటుంది, పైనుంచి పెళ్ళలు విరిగిపడుతూ ఉంటాయి. బర్లింగ్ గ్యాప్ అనే చోట అంచున ఉన్న ఇళ్ళను కొన్నిటిని పడగొట్టవలసి వచ్చింది. దానికి దగ్గరలో బెల్ టూట్ అనే పాత దీపస్తంభం ఉన్నది, 1834 నాటిది. అంచు దాని గోడ దగ్గరిదాకా వచ్చేసరికి, 1999లో ఆ కట్టడాన్ని పునాదినుంచి విడదీసి, కింద దూలాలు వేసి, జాకీలతో నెట్టి 56 అడుగులు వెనక్కి జరిపారు. ఎనిమిదివందల టన్నుల పైచిలుకు బరువు. మా ఆవిడ దాని చుట్టూ తిరిగి చూచి, "ఇల్లు కూడా చక్రాల మీద ఉంటేనే నయం" అన్నది. అంచు దగ్గరికి పోవద్దని పలకలు వ్రాసి ఉన్నా పిల్లలు ఫోటోలకు నిలబడుతున్నారు. ఆమె ఇద్దరిని ఒరియాలో కేకలేసి వెనక్కి రప్పించింది.

పదకొండు, రెండు, ఐదు. ఆ వేళలు ఆమెకు తప్పలేదు. రెండింటి వేళ మేమూ లేచాము. టీ పెట్టటం మా వంతు. చక్కెర కొలత మూడవ రాత్రికి కుదిరింది. అప్పుడు ఆమె అమ్మ సంగతులు ఒకటొకటిగా చెప్పేది. మాట పడిపోయిన తరువాత అమ్మ కంటి సైగతో ఏమేమి అడిగేదో, ఏ రాత్రి ఎవరిని తలుచుకొని ఏడ్చిందో, మా ఉద్యోగంలో ప్రమోషను వచ్చిన రోజున పిడికిలి బిగించి ఎంత సంతోషించిందో. మా తల్లి చివరి ఎనిమిదేళ్ళ సంగతులు మాకు తెలిసింది అక్కడ, ఆ పదహారడుగుల గదిలో.

19వ తేదీ ఆదివారం బావమరిది వచ్చి నాలుగు కాళ్ళూ పైకి తిప్పాడు. నీళ్ళ పీపా ఖాళీ చేశాడు. అలమరలు తెరిచి మిగిలిన సరుకులు ఇరుసు మీదికి జరుపుతూ, ఆవాల సీసా చూపించి, "ఇది తీసుకుపోతారా అక్కా?" అని అడిగాడు. "ఉండనీరా. కాని ముందు ఆ పొగ గంట ఎట్లా ఆపాలో మీ బావగారికి నేర్పు" అన్నది ఆమె. మీట ఎక్కడున్నదో మాకు తెలుసునని చెప్పాము.